గొట్టం మూతిలో దారం

పరుశురాంకు చెయ్యి ముందు లేస్తుంది, మాట ఆ తర్వాత వస్తుంది. సూరత్ లింబాయత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మన తెలంగాణవాళ్లు ఉండే గల్లీల్లో ఈ సంగతి తెలియని ఇల్లు లేదు. పొయ్యికి పొగగొట్టం పెట్టించుకోవాలంటే అతన్నే పిలవాలి. పిలిచినవాడు తిట్లు తినకుండా బయటపడ్డ దాఖలా మాత్రం లేదు.

పోయిన చలికాలం వరప్రసాద్ ఇంట్లో ఏమైందో వినండి. గొట్టం పెట్టి వారం తిరిగాక, ఎవరూ పిలవకుండానే వచ్చి నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు పరుశురాం. అది అతని అలవాటు. తాను పెట్టిన ప్రతి గొట్టాన్నీ మళ్లీ వచ్చి చూసిపోతాడు. చూస్తే ఏముంది, గొట్టం మూతి మీది టోపీ కింద గుప్పెడు వేస్టు దారం కుక్కి ఉంది. పావురాలు గూడు కడుతున్నాయని వరప్రసాదే కుక్కాడు. సాంచెలు నడిపేవాళ్ల ఇళ్లలో ఏ సందు కనిపించినా దారమే కుక్కుతారు. తలుపు సందుకు అదే, ఎలుక బొక్కకు అదే, కారే నల్లాకు అదే. కార్ఖానా నుంచి బస్తాలకొద్దీ ఊరికే దొరుకుతుంది మరి!

పరుశురాం ఆ దారం పట్టుకుని కిందికి దిగాడు. ఒక్క మాట అడగలేదు. వరప్రసాద్ చెంప ఛెళ్లుమంది. రెండో దెబ్బకు మనిషి వాకిట్లో బోర్లా పడ్డాడు, పెదవి చిట్లింది. అంతటితో ఆగాడా? మళ్లీ కప్పెక్కి, తాను పెట్టిన గొట్టాన్ని తానే సుత్తితో బాది ఊడబీకి భుజాన వేసుకున్నాడు.

"నీ ఇంట్ల పొయ్యి వద్దురా! చన్నీళ్లు పోస్కోని గడగడ వణుకు. వణికితె సావవు," అని గల్లీ చివరిదాకా అరుస్తూనే పోయాడు.

మూర్ఖుడన్నారు, రాక్షసుడన్నారు, నానా మాటలూ అన్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పని మాత్రం కళ్లకద్దుకోవాలి. గొట్టం పైముక్క ఎప్పుడూ కిందిముక్క లోపలికి దిగాలంటాడు, లేకపోతే పొగతేమ నల్లగా గోడమీదికి కారుతుంది. అతుకు అతుక్కీ మూడు మరలు. ఎంత వంకర ఇల్లయినా ఒక్క వంపుకు మించి ఒప్పుకోడు. కప్పులోంచి బయటికి వెళ్లే చోట చుట్టూ వెడల్పుగా రేకు పళ్లెం బిగించి, కట్టె వాసానికి జానెడు దూరం వదులుతాడు. కప్పు దాటాక గొట్టం మూరన్నర పైకి లేవాల్సిందే. టోపీ కింద నాలుగువైపులా గాలి ఆడాలి. అన్నీ అయ్యాక పొయ్యి నోటి దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకుంటాడు. ఆ సన్నటి పొగ పొయ్యిలోకి వంగి గొట్టంలోకి ఎక్కితేనే మనిషి మొహం విప్పారుతుంది. గదిలోకి తిరిగితే మళ్లీ మొదటికి.

ఈ గ్యాసు రోజుల్లో కట్టెల పొయ్యి ఎవరిక్కావాలంటారా? స్నానాల నీళ్లకు కొందరికి కావాలి. బాలింతకు అందరికీ కావాలి. ఊరు వదిలి ఎన్నేళ్లయినా ఆ పద్ధతి వదల్లేదు మనవాళ్లు. బిడ్డ పుట్టాక ఇరవై ఒక్క రోజులు తల్లిని గది దాటనివ్వరు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మూసిన కిటికీ, మంచం పక్కన ఆరని నిప్పు. ఎక్కడినుంచీ చలిగాలి తగలకూడదు. తల నొప్పన్నా, వాంతయినా, "గాలి సోకింది" అని ఇంకాస్త మూసి, ఇంకాస్త నిప్పు వేస్తారు.

పరుశురాంకు ఒక్కతే కూతురు, సంతోషి. తల్లి లత ఆ పిల్ల పుట్టిన పదకొండో రోజునే పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోకుండా, డబ్బాపాలు పోసి పెంచాడు. ఊరంతటినీ కొట్టిన చెయ్యి ఆ పిల్లమీద ఒక్కసారి పడలేదు. ఆమెను సాంచెలు నడిపే శివకృష్ణకిచ్చి, రెండు గల్లీల అవతలే కాపురం పెట్టించాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, పుట్టింట్లో తల్లేదీ? అందుకని అత్త కనకవ్వే పురుడు పోస్తానంది. సంతోషికి ఏడో నెల రాగానే పరుశురాం ఆ ఇంటికి వెళ్లి, రెండు రోజులు కూర్చుని, తన చేత్తో పొయ్యీ గొట్టమూ అమర్చాడు.

గొడవ అక్కడే మొదలైంది. కప్పులో గొట్టం చుట్టూ వదిలిన సందు కనకవ్వకు నచ్చలేదు.

"గింత బొక్క పెడ్తివేంది బావా? బాలింత నెత్తిమీదికే దిగుతది గాలంత."

"అది బొక్క కాదు వదినె. కట్టెకు సెగ తాకొద్దు. నువ్వు దాని జోలికి పోకు."

మర్నాడు శివకృష్ణ ఆ సందులో దారం కుక్కుతుంటే పరుశురాం కళ్లపడింది. ఇక చెప్పేదేముంది! అల్లుడని చూడలేదు, కాలర్ పట్టి నిచ్చెన మీంచి కిందికి లాగాడు. శివకృష్ణ మోచెయ్యి దోక్కుపోయి నెత్తురు కారింది. కనకవ్వ చీపురు తీసుకుని వియ్యంకుడి వీపు మీద నాలుగు వేసి, "మళ్ల నా గడప తొక్కితె కాళ్లు ఇరగ్గొడ్త!" అని తలుపేసింది. అంతే, మూడు నెలలు రాకపోకల్లేవు. మనవరాలు పుట్టిన సంగతి కూడా ఫోన్లోనే తెలిసింది. వెళ్లి కాళ్లు పట్టుకుంటే రానిచ్చేదేమో. పట్టుకోలేదు. రోజూ గల్లీ మొదట్లో నిలబడి, కప్పు మీది టోపీలోంచి పొగ వస్తోందా లేదా అని చూసి, పనిలోకి పోయేవాడు.

బిడ్డ పుట్టిన తొమ్మిదో రోజు. జనవరి, మంచు ఇంకా విడవలేదు. దూరాన వరాఛాలో ఒక ఇంటి కప్పుమీద గొట్టం బిగిస్తున్నాడు పరుశురాం. చీకట్లోనే బయల్దేరాడు గనక ఆ పొద్దున కనకవ్వ కప్పుమీది పొగ చూడలేదు. ఫోన్ మోగింది. సంతోషి.

"బాపూ, తల పగిలిపోతుందే. పొద్దుగాల రెండుసార్లు కక్కుకున్న. అత్తేమో గాలి సోకిందంటుంది."

"పొయ్యి ఎట్ల మండుతుంది బిడ్డా?"

"కట్టెలు బంద్ చేసిన్రు. బొగ్గులేస్తున్నరు, పొగుండది గద. గొట్టంలకెళ్లి చలి దిగుతుందని నిన్ననే ఆయన మూసిండు. ఇప్పుడు మంచిగ వెచ్చగుంది, బాపూ. నిద్ర ఆగుతలేదు."

"బయటికి రా! సంతోషీ! బిడ్డనెత్తుకోని బయటికురుకు!"

ఫోన్ మంచం మీద పడ్డ చప్పుడు వినిపించింది.

పరుశురాం నిచ్చెన సగం మెట్ల నుంచే దూకాడు. సుత్తి నడుముకే ఉంది. బండి తీసి వెళ్తూ మళ్లీ మళ్లీ ఫోన్ కొట్టాడు, ఎత్తలేదు. అల్లుడికి కొట్టాడు, కట్. అడ్డమొచ్చిన ఆటో అద్దం పగలగొట్టుకుంటూ పోయాడు, వెనక్కి చూడలేదు.

అతను ఎందుకంత వణికిపోయాడో తెలియాలంటే, ఇరవై నాలుగేళ్లుగా దాచిన సంగతొకటి చెప్పాలి. ఆ గల్లీల్లో ఇద్దరికే తెలుసది.

అప్పుడు పరుశురాం కూడా సాంచెలు నడిపేవాడు. గొట్టాల పని గణపతిది. లత బాలింతగా ఉన్న గదికి గొట్టం పెట్టింది గణపతే. అలాంటి జనవరే. "గొట్టంలకెళ్లి చలి దిగుతుందయ్యా," అంది లత, బిడ్డను కడుపులోకి ముడుచుకుని. పెళ్లాం చలికి వణుకుతుంటే ఏ మగవాడు ఊరుకుంటాడు? కార్ఖానా నుంచి రెండు దోసిళ్ల దారం తెచ్చి, కప్పెక్కి గొట్టం మూతిలో దిట్టంగా కుక్కాడు. పొయ్యిలో బొగ్గు నిప్పులే గదా, పొగెక్కడిది అనుకున్నాడు. "ఇప్పుడు మంచిగ వెచ్చగుంది," అంది లత. మర్నాడు పొద్దున పొయ్యి నిండా కొత్త బొగ్గులు వేసి, బిడ్డను ఎండకు పట్టడానికి బయటికి తెచ్చి, అరగంట అరుగుమీద కూర్చున్నాడు. లోపలికి వెళ్లేసరికి లత పోయింది. ఒంటిమీద చిన్న బొబ్బ లేదు. బుగ్గలు ఎర్రగా, నిద్రపోయినట్టే ఉంది.

దహనమైన మూడో రోజు పరుశురాం ఇనప రాడ్ తీసుకుని గణపతి ఇంటికి వెళ్లాడు. గల్లీ అంతా చూస్తుండగా, అరుగుమీద కూర్చున్న మనిషి కుడిచెయ్యి రాయిమీద పెట్టి కొట్టాడు. ఒకటి కాదు, నాలుగు దెబ్బలు. మణికట్టు పిండైపోయింది. ఎవరూ ఆపలేదు. బాలింతను చంపిన గొట్టం పెట్టినవాడు గదా అనుకున్నారు.

వారం తర్వాత, కట్టుకట్టిన చెయ్యి మెడలో వేలాడేసుకుని, ఒంటిచేత్తో కప్పెక్కాడు గణపతి. గొట్టం మూతిలోంచి సెగకు సగం కరిగి గట్టిపడ్డ దారం ముద్ద తీసి, పరుశురాం ముందు పెట్టాడు.

"నేను పెట్టిన గొట్టంల ఇది లేకుండె."

పరుశురాంకు అప్పుడర్థమైంది. తల గోడకేసి బాదుకున్నాడు. గణపతి ఎడమచేత్తో జుట్టు పట్టి ఆపాడు.

"నేను నోరిప్పితె పోలీసోళ్లు నిన్ను తీస్కపోతరు. గా పసిగుడ్డును ఎవడు సాకుతడు? నాకు చెయ్యి పాయె. నీకు రెండున్నయి. రేపొచ్చి రేకు కత్తెర వట్టు. ఇంకొక ఇంట్ల గిట్ల కావద్దు."

అలా పని నేర్చాడు పరుశురాం. గణపతి నోరు విప్పలేదు. పరుశురాం కూడా విప్పలేదు. తప్పంతా అక్కడుంది. గణపతి ఎదురైతే గర్భిణులు గల్లీ మారేవాళ్లు, ముసలమ్మలు ఉమ్మేవాళ్లు. సంతోషిని కూడా అలాగే పెంచారు. ఆ ముద్ద మాత్రం పరుశురాం పనిముట్ల పెట్టెలో, అడుగున, గుడ్డలో చుట్టి ఉంది. దారం కుక్కినవాణ్ని చూసినప్పుడల్లా అతను కొట్టింది ఎవణ్నో ఇప్పుడు తెలిసింది గదా.

కనకవ్వ ఇంటి ముందు బండి పడేసి చూశాడు. కప్పుమీది టోపీ కింద పొగ లేదు. దారం కనబడుతోంది, గులాబీ రంగుది. గాలికి తెరుచుకోకుండా తలుపుకు లోపల గడియ. కనకవ్వ వాకిట్లో బొగ్గులు రాజేస్తోంది. శివకృష్ణ రాత్రి పాళీ దిగి వచ్చి పళ్లు తోముతున్నాడు.

"తలుపు తియ్!"

"మళ్లెందుకచ్చినవ్? బాలింత పండుకున్నది," అంది కనకవ్వ లేస్తూ.

"పండుకోలేదే, సస్తుంది! తలుపు తియ్!"

ఆమెను తోసుకుని తలుపు మీదికి పోయాడు. తల్లి బొగ్గుల మీద పడబోయేసరికి శివకృష్ణకు పిచ్చి కోపం వచ్చింది. మూడు నెలల కసి ఉంది మరి. గోడకు ఆనించిన సాంచె కర్ర తీసి మామ భుజం మీద బలంకొద్దీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. ఎడమచెయ్యి వేలాడిపోయింది. పరుశురాం వెనక్కి తిరిగి అల్లుడి మొహం మీద తలతో గుద్దాడు. ముక్కులోంచి నెత్తురు బుస్సున చిమ్మింది. మళ్లీ లేచిన కర్రను కాలితో తన్ని, కుడిచేతి సుత్తితో గడియ ఉన్న చోట బాదాడు. మూడో దెబ్బకు పలక చీలింది, ఐదో దెబ్బకు తలుపు లోపలికి ఊడిపడింది.

మొహం మీదికి వేడిగాలి కొట్టింది. వాసన లేదు, పొగ లేదు. మంచం మీద సంతోషి సగం కళ్లు తెరిచి ఉంది, చూపు లేదు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు చూడగానే పరుశురాం గొంతులోంచి వచ్చిన అరుపు మనిషిది కాదు. బిడ్డను చుట్టిన గుడ్డ ముడిని పళ్లతో కరిచి పట్టాడు, ఉన్న ఒక్క చెయ్యి సంతోషి చంకలో వేసి, నేలమీద ఈడ్చుకుంటూ వాకిట్లోకి లాగాడు.

చుట్టుపక్కలవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాళ్లకు కనబడిందేమిటి? తొమ్మిది రోజుల బాలింతను, తలగుడ్డ ఊడిపోయి, మంచులో ఈడుస్తున్న పిచ్చివాడు. పడ్డారు మీద. ఒకడు డొక్కలో తన్నాడు, ఇంకొకడు చెప్పుతో కొట్టాడు. కనకవ్వ చీపురు పట్టుకుని, "గాలి! గాలి తగుల్తుంది! సంపిండు నా కోడలిని!" అని మొత్తుకుంటూ బాదింది. పరుశురాం కొట్టనిచ్చాడు. మనవరాలిని పొట్టకింద పెట్టుకుని, వీపు అందరికీ ఇచ్చి, సంతోషి మొహం మీదికి వంగి, "గాలి పీల్చు బిడ్డా, గాలి పీల్చు," అంటూనే ఉన్నాడు.

ముందు పసిది ఏడ్చింది. సన్నగా, పిల్లికూన ఏడ్చినట్టు. ఆ ఏడుపుకు చేతులు ఆగాయి. తర్వాత సంతోషి కక్కుకుంది, దగ్గింది, మళ్లీ కక్కుకుంది.

"పాతబాకీ ఏమన్న ఉంటె నన్ను గొట్టున్రి," అన్నాడు పరుశురాం నెత్తురు ఉమ్మి. "ముందు దవాఖానకు తోలున్రి. బొగ్గుకు పొగుండది, సావు మాత్రం ఉంటది. గొట్టంల ఏం వెట్టిన్రో పైకెక్కి చూడున్రి."

శివకృష్ణే ఎక్కాడు. గులాబీ దారం లాగుతుంటే వస్తూనే ఉంది, మూరెడు, ఇంకో మూరెడు. కింద నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే తలలు దించుకున్నారు. శివకృష్ణ కప్పుమీదే కూలబడి, ముక్కు నెత్తురూ కన్నీళ్లూ కలిపి తుడుచుకున్నాడు.

తల్లీబిడ్డలకు దవాఖానలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే మాట ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. మూడో రోజు ఇంటికొచ్చారు. భుజానికి కట్టుతో పరుశురాం వాకిట్లో నిలబడి చెబుతుంటే, శివకృష్ణ గొట్టం మళ్లీ బిగించాడు. విరిగిన చేతికి బదులు విరగ్గొట్టినవాడి చేతులు పని చేశాయి. ఒక్కొక్క అతుకు, మూడేసి మరలు. కిటికీ రెక్క సగం తీసి మేకు కొట్టారు, ఇక మూసుకోకుండా. కనకవ్వే అగరుబత్తి వెలిగించి పొయ్యి దగ్గర పట్టుకుంది. పొగ వంగి గొట్టంలోకి ఎక్కింది.

"నా కండ్లు పోను బావా. నీ మాట ఇనకపోతి," అని ఏడ్చింది.

సంతోషి మంచం మీంచి తండ్రినే చూస్తోంది.

"బాపూ, ఫోన్ల నేను రెండు ముక్కలే అన్న. గొట్టం మూసిన్రు, వెచ్చగుంది అన్న. గంతలనే నీకు ఎట్ల తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇరవై నాలుగేళ్లు చెప్పినవాడికి ఇంకొకటి బరువా? కానీ ఆ పిల్ల మొహం ఇంకా పాలిపోయే ఉంది. పరుశురాం పనిముట్ల పెట్టె తెరిచి, అడుగునుంచి గుడ్డమూట తీసి, ఆమె ఒళ్లో పెట్టాడు. నల్లగా, రాయిలా గట్టిపడ్డ దారం ముద్ద.

"మీ అమ్మ గూడ గదే మాటన్నది. వెచ్చగుందని. గణపతి గొట్టం మంచిగనే ఉండె, బిడ్డా. మూసింది నేను. మీ అమ్మను సంపింది నేను. గాయన చెయ్యి ఇరగ్గొట్టింది గూడ నేనే. గాయనకు తెలుసు. నీకోసమని చెప్పలేదు."

సంతోషి ముద్దను కాసేపు చూసింది. తర్వాత లేచి దాంతోనే తండ్రి గుండెమీద కొట్టింది. మళ్లీ కొట్టింది. కట్టున్న భుజమని కూడా చూడలేదు. శివకృష్ణ ఆపబోతే తోసేసింది. చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. పరుశురాం కదల్లేదు, చెయ్యి లేపలేదు.

ఆమె బిడ్డనెత్తుకుంది. చెవుల్లో దూది తీసేసింది. పన్నెండు రోజుల బాలింత గడప దాటి ఎండలోకి నడుస్తుంటే కనకవ్వ అడ్డం రాబోయి, పక్కకు జరిగి దారిచ్చింది. పరుశురాం వెనకాలే వెళ్లాడు.

మూడో గల్లీలో గణపతి తన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. బిడ్డతో వస్తున్న ఆడమనిషిని చూసి, అలవాటు ప్రకారం లేచి లోపలికి పోబోయాడు.

"కూసో తాతా," అంది సంతోషి.

చిన్నప్పటినుంచీ ఆయన్ని చూసి మొహం తిప్పుకున్న పిల్ల, వంగి, బిడ్డను ఆయన ఒళ్లో, ఆ వంకరచేతి మడతలో పడుకోబెట్టింది. ముసలాయన బెదిరిపోయాడు. జారుతుందేమోనని ఎడమచేత్తో గట్టిగా పొదివి పట్టాడు. గల్లీలో ఆడవాళ్లు వాకిళ్లలోకి వచ్చారు.

సంతోషి తండ్రివైపు తిరిగింది. "చెప్పు బాపూ."

పరుశురాం పెదవులు కదిలాయి. తప్పు నాదని గణపతికి మాత్రమే వినబడేలా గొణిగాడు.

"గట్ల కాదు. ఒకన్ని కొట్టేటప్పుడు నీ గొంతు సలాబత్‌పురా దాక ఇనబడ్తది. గట్టిగ చెప్పు."

"నా పెండ్లాం గణపతి గొట్టంతోని సావలేదు!" అని అరిచాడు పరుశురాం. "గొట్టంల దారం వెట్టింది నేను! తప్పు నాది, దెబ్బ గాయనకు!"

గణపతి తల దించుకున్నాడు. కన్నీళ్లు పసిదాని గుడ్డమీద పడ్డాయి. "ఇగ చాలు తియ్యే. పిల్ల జడుసుకుంటది," అన్నాడు.

సంతోషి చుట్టూ చూసింది. అవతలి వరసలో ఇంకా మూసిన తలుపులున్నాయి.

"వాళ్లు ఇనలేదు," అంది. "ఇంకోసారి చెప్పు."